గుమాస్తా మోకాలు

ఆ వీధిలో ఆయనను పేరు పెట్టి పిలిచేవారు లేరు. అందరికీ ఆయన వంతెనలాయన. వంతెనల తనిఖీ ఇంజనీరుగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి, ఎక్కడ పగులు కనిపించినా దాని రెండు కొసల దగ్గరా సుద్దతో గీత గీసి, పక్కన తేదీ వేసి, ఆరు నెలల తరువాత అదే టేపుతో అదే గీత దగ్గరికి వెళ్లి చూసి వచ్చిన మనిషి. ‘అనిపించింది’ అన్న మాటకు ఆయన నివేదికలలో ఏనాడూ చోటు దొరకలేదు. కింది ఉద్యోగి ఎవరైనా పగులు కొంచెం పెరిగినట్టుందని చెబితే, కొంచెమంటే ఎన్ని మిల్లీమీటర్లని అడిగి, జవాబు వచ్చేదాకా అతనికి కుర్చీ చూపించేవాడు కాదు.

గుమాస్తా ఆయన కుక్క. ఉద్యోగంలో ఆఖరి సంవత్సరం, ఒక పాత వంతెన కింద ఇటుకల సందులో దొరికిన పిల్ల అది. టేపు రెండో కొసను నోట కరచుకుని ఆయన వెంట నడవడం దానంతటదే నేర్చుకుంది గనుక కూలీలు దానికి ఆ ఉద్యోగమిచ్చారు. ఆయన పదవీ విరమణ చేసిన రోజున అదీ చేసింది. ఇద్దరూ ఒకే జీపులో ఇల్లు చేరారు. ఇప్పుడు దానికి పదేళ్లు, ముప్పై రెండు కిలోల బరువు, మూతి చుట్టూ నెరసిన వెంట్రుకలు.

ఇంట్లో ఇక మిగిలిన మనిషి ఆయన అక్కయ్య. ఆయన కంటే ఐదేళ్లు పెద్ద. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి, ‘హలో’ అన్న ఒక్క మాటతో అవతలి మనిషి పడుకుని మాట్లాడుతున్నాడో నిలబడి మాట్లాడుతున్నాడో చెప్పగలిగిన చెవి ఆమెది. ఇటు తమ్ముడి భార్య, అటు తన భర్త ఏడాది తేడాలో పోయాక, రెండిళ్ల గిన్నెలూ ఒకే వంటింట్లో సర్దుకుని ఆరేళ్లుగా కలిసి ఉంటున్నారు. ఊరందరికీ ఇంజనీరుగారైన మనిషి ఆమెకు మాత్రం ‘ఒరేయ్’. కింద వడ్రంగి కార్ఖానా, దాని మీద వీరి వాటా. మధ్య పదిహేడు మెట్లు.

ఒక మంగళవారం ఉదయం ఆ పదిహేడింటిలో పదకొండో మెట్టు మీద గుమాస్తా ఒక్కసారి కుయ్యిమంది. కిందికి దిగాక ఎడమ వెనక కాలు నేలకు ఆనించలేదు.

పశువుల డాక్టరమ్మకు నలభై ఏళ్లుంటాయి. మాట తక్కువ, చేతులు మాత్రం నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు కదులుతాయి. గుమాస్తాను పక్కకు పడుకోబెట్టి, ఒక చేత్తో తొడ ఎముకను, మరో చేత్తో కాలి ఎముకను పట్టుకుని, కింది ఎముకను ముందుకు నెట్టి చూపింది. సొరుగు తెరుచుకున్నట్టుగా అది ముందుకు జారింది.

“మోకాల్లో ఒక తాడుంటుంది సార్. ఈ ఎముక ఇలా ముందుకు జారకుండా పట్టుకునే తాడు. ఇది ఒక్క రోజులో తెగిందని కాదు. పోగు పోగుగా అరుగుతూ వచ్చి ఇవాళ తెగింది.”

“మళ్లీ కడతారా?” అన్నాడు వంతెనలాయన.

“ఈ బరువుకి కట్టినా నిలవదు. చూడండి, ఎముక పైభాగం వాలుగా ఉంది. ఆ వాలు మీదే జారుతోంది. ఎముకని కోసి, పైముక్కని కాస్త తిప్పి, వాలు తగ్గించి, పలక వేసి మరలు బిగిస్తాం. వాలు పోతే జారుడు పోతుంది. ఇక తాడుతో పనుండదు.”

ఆయనకు అది చటుక్కున అర్థమైంది. అర్థం కావడమే చిక్కయింది. తాడు పోయినచోట వాలునే మార్చాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో గాని, ఆ మనిషికి దణ్ణం పెట్టవలసిందే. అయితే బరువు మోస్తున్న స్తంభాన్ని రంపంతో కోయడమంటే ఏమిటో కూడా ఆయనకు తెలుసు. అటువంటి పనికి అనుమతినిచ్చే కాగితం మీద ఉద్యోగ జీవితమంతటిలో రెండుసార్లు సంతకం చేశాడు. రెండుసార్లూ పని సవ్యంగానే ముగిసింది. రెండుసార్లూ ముగిసేదాకా ఆయనకు అన్నం సహించలేదు.

“చేయించకపోతే ఏమవుతుందమ్మా?” అంది అక్కయ్య.

“చాలామంది చేయించరు. చిన్న కుక్కలు విశ్రాంతితోనే సర్దుకుంటాయి. ఇది పెద్దది. బరువు తగ్గించి, మెట్లు మాన్పించి, నొప్పి మాత్రలతో నెట్టుకురావచ్చు. కానీ కీలు అరుగుతూనే ఉంటుంది. భారమంతా కుడికాలి మీద పడుతుంది. ఆ తాడు కూడా ఈపాటికి సగం అరిగే ఉంటుంది.”

“గోరుచుట్టు మీద రోకటిపోటు.”

“చేయిస్తే, గుండె బాగుంది, మత్తు తట్టుకుంటుందనే నా నమ్మకం. కానీ పదేళ్ల కుక్కమ్మా. నమ్మకం వేరు, హామీ వేరు. ఎముక అతుక్కోవడానికి మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలూ గెంతకూడదు, మెట్టెక్కకూడదు, ఒక గదిలోనే ఉండాలి.”

“మీ కుక్కే అయితే ఏం చేస్తారు?”

“అందరూ అదే అడుగుతారు,” అంది డాక్టరమ్మ. “మా ఇంట్లో మెట్లు లేవమ్మా.”

ఖర్చు వారికి అడ్డు కాదు. అడ్డు వేరే ఉన్నదని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు. డాక్టరమ్మ ఇరవై నొప్పి మాత్రలిచ్చి, నొప్పిగా ఉన్నప్పుడు రోజుకొకటి చొప్పున వేయమని, మూడు వారాలు విశ్రాంతినిచ్చి చూద్దామని చెప్పింది. “అప్పటికి కోలుకునే గుణం కనిపిస్తే ఇలాగే సాగిద్దాం. లేకపోతే ఆలస్యం చేయకుండా తేల్చేద్దాం. రోజూ చూసేవాళ్లు మీరే కదా సార్. నాకంటే మీకే బాగా తెలుస్తుంది.”

మర్యాదకు అన్న ఆ మాటను వంతెనలాయన ఉత్తర్వుగా స్వీకరించాడు.

ఆ సాయంత్రమే కొత్త పుస్తకం ఒకటి తీసి నిలువు గీతలు గీశాడు. రోజూ ఉదయం ఆరున్నరకు, కార్ఖానా గేటు నుంచి వీధి మూలనున్న ట్రాన్స్‌ఫార్మర్ దాకా, నలభై రెండు మీటర్లు, గుమాస్తాను మెల్లగా నడిపించి, ఎడమ కాలు నేలకు ఆనని అడుగులెన్నో లెక్కించాలి. ఆ తరువాత తొడ చుట్టుకొలత. టేపు రోజూ ఒకే చోట పడడానికి తొడ మీది వెంట్రుకలపై సుద్దతో గుర్తు కూడా పెట్టాడు. తాను ఆపరేషన్ కావాలని గాని వద్దని గాని అనుకోవడం లేదని, పుస్తకం ఏది చెబితే అది చేస్తానని అక్కయ్యకు స్పష్టంగా విన్నవించాడు.

“మాత్రల మాటేమిటి?” అంది ఆమె, ఆ డబ్బా చేతిలో పట్టుకుని.

“మాత్ర వేసి కొలిస్తే అది కొలత కాదక్కయ్యా, ముఖస్తుతి. వేయకుండా చూద్దాం. మరీ నొప్పిగా ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.”

“మరీ నొప్పిగా ఉందని ఎవరు చెప్పాలి?”

“పుస్తకం చెబుతుంది.”

“ఆహా,” అంది అక్కయ్య, డబ్బాను తన అలమారలో పెట్టుకుంటూ. “పుస్తకానికి నోరుంది గాని కుక్కకి లేదన్నమాట.”

ఉదయాన్నే మెట్లు దింపడం ఒక పెద్ద కార్యక్రమం. పొట్ట కింద దుప్పటి వేసి, రెండు కొసలూ పట్టుకుని, వెనక భాగాన్ని గాలిలో ఎత్తి దింపాలి. అక్కయ్యకు నడుము సహకరించదు కనుక కింది వడ్రంగి వచ్చి రెండో కొస పట్టేవాడు. యాభై దాటిన మనిషి; చెవి మీద పెన్సిలు, నోట్లో ఎప్పుడూ ఒక మాట సిద్ధం. రంపంపొట్టు మీద గుమాస్తాకు ఒక పడకను కూడా తనకు తానే ఏర్పాటు చేశాడు.

మొదటి రోజు లెక్క ముప్పై ఒకటి. ఎనిమిదో రోజుకు పంతొమ్మిది. పదిహేనో రోజున తొమ్మిది వచ్చినప్పుడు, వంతెనలాయన పుస్తకాన్ని వడ్రంగికి కూడా చూపించాడు. ఇది ఆయన స్వభావానికి పూర్తిగా విరుద్ధం.

వడ్రంగి అంకెలన్నీ వేలితో కిందికి చదువుకుంటూ వచ్చాడు. “బాగుంది సార్. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే వాళ్లని చూశాను. పట్టిన కుక్కకి నాలుగూ ఉన్నాయనే మనిషిని మిమ్మల్నే చూస్తున్నాను.”

“అనడం కాదయ్యా. లెక్క.”

“లెక్కే సార్. నేను కాదన్నానా?” అని, పక్క వరస వైపు చూసి, “మరి ఈ తొడ ఎందుకు చిక్కుతోంది?” అన్నాడు.

ముప్పై ఎనిమిది సెంటీమీటర్ల తొడ ముప్పై ఏడుకు వచ్చింది. వంతెనలాయన అది వెంట్రుకలు రాలే కాలమని, టేపు కింద మందం తగ్గుతుందని వివరించి, ఆ సంగతిని పెన్సిలుతో ‘వెంట్రుకలు రాలుట వలన’ అని వివరణల వరసలో రాశాడు. వడ్రంగి కర్ర విషయంలో తప్ప ఎవరితోనూ వాదించే అలవాటు లేనివాడు గనుక తలూపి వెళ్లిపోయాడు.

ఇరవై ఒకటో రోజున లెక్క నాలుగుకు దిగింది. ఆ ఉదయం వంతెనలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పుస్తకం చంకన పెట్టుకుని, అక్కయ్యతోను గుమాస్తాతోను టాక్సీలో డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరాడు. పెళ్లిచూపుల్లో నెగ్గి వచ్చిన కుర్రవాడిలా ఉన్నావురా అని దారిలో అక్కయ్య అంది. ఆ తరువాత సంచి ఒడిలోకి లాక్కుని కిటికీ వైపు తిరిగింది. ఆయన అది గమనించనూ లేదు.

డాక్టరమ్మ పుస్తకాన్ని మొదటి పుటనుంచి చివరిదాకా చూసింది. “ఇంత శుభ్రంగా మా దగ్గర నేర్చుకునే పిల్లలు కూడా రాయరు సార్,” అంది. వంతెనలాయన ఆ మెప్పును తల కొద్దిగా వంచి స్వీకరించాడు. ఆమె గుమాస్తాను పడుకోబెట్టి మోకాలు పట్టుకుంది. ఒకసారి నెట్టింది. చేతులు మార్చి మళ్లీ నెట్టింది.

“జారుడు అలాగే ఉందే,” అంది నెమ్మదిగా. “కీలు చుట్టూ గట్టిపడిన జాడ కూడా లేదు. కండ చూస్తే తగ్గింది. మీరే రాశారు కదా, సెంటీమీటరున్నర.”

“అది వెంట్రుకలు రాలడం వల్ల...”

డాక్టరమ్మ ఆయన వైపు చూసింది గాని ఆ మాటను పట్టుకోలేదు. “ఈ కండతో, ఈ జారుడుతో, నాలుగు అడుగులే తప్పడమంటే నాకు పొసగడం లేదు. మాత్రలు ఎన్ని పడ్డాయి?”

“ఒక్కటీ పడలేదు. ఇరవైకి ఇరవై ఉన్నాయి. మీకు తిరిగి ఇచ్చేద్దామనే తెమ్మన్నాను. అక్కయ్యా, ఆ డబ్బా ఇలా ఇవ్వు.”

అక్కయ్య సంచిలో చెయ్యి పెట్టింది గాని తీయలేదు. ఆయనే సంచి అందుకుని డబ్బా తీశాడు. చేతికి రాగానే తేలిక తెలిసింది. తెరిస్తే రెండు అట్టలు. ఇరవై గుంటలూ చిట్లి, వెండి రేకు ముక్కలు ముక్కలుగా వేలాడుతోంది.

ఆయన అట్టలను వెనక్కి తిప్పి చూశాడు.

“రెండో రోజు నుంచి,” అంది అక్కయ్య. “పొద్దున్న ఐదింటికి. గుడ్డు పచ్చసొనలో పెట్టి.”

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి లేచింది. అవసరమైన దానికంటే ఎక్కువసేపే కడుక్కుంది. తిరిగి వచ్చి, తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటూ, “మాత్ర వేయడం తప్పు కాదమ్మా, వేయమనే ఇచ్చాను,” అంది. “కాకపోతే సార్ మూడు వారాలుగా కొలిచింది మోకాలిని కాదు, మాత్రని. ఇప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. దానంతటది కుదుటపడలేదు. రక్తం పరీక్షించి వేరే అట్ట ఇస్తాను, ఆపకుండా వేయండి. నాలుగు రోజుల్లో ఏదో ఒకటి చెప్పండి. ఏం చెప్పినా తప్పనను.”

తిరుగు ప్రయాణంలో టాక్సీవాడు రేడియో పెట్టాలా అని అడిగితే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. ఆ రోజుకు వారిద్దరూ ఏకీభవించింది అంతే.

వంతెనల శాఖలో ఒక నియమముండేది. కొలత తప్పని తేలితే పుట చింపరాదు, రుద్ది చెరపరాదు. కింది అంకె చదవడానికి వీలుగా దాని మీద ఒకే ఒక్క గీత గీసి, పక్కన కారణం రాసి, పొట్టి సంతకం చేయాలి. ఎవరిది తప్పో వెనుక వచ్చేవారికి తెలియాలి గదా. మధ్యాహ్నం వంతెనలాయన స్కేలు తీసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. అడుగుల వరసలో రెండో రోజు నుంచి ఇరవై అంకెల మీద ఇరవై గీతలు గీశాడు. కారణం దగ్గర ‘మాత్ర’ అని రాశాడు. రాస్తున్నంతసేపూ ఆయనకు అక్కయ్య మీద కోపం చల్లగా, నిటారుగా నిలబడి ఉంది; కంచే చేను మేసిందన్న కోపం.

తొడ వరసకు వచ్చేసరికి స్కేలు ఆగిపోయింది.

ఆ అంకెలు తప్పు కావు. మాత్ర నొప్పిని దాచగలదు గాని కండను పెంచలేదు. ముప్పై ఎనిమిది, ముప్పై ఏడున్నర, ముప్పై ఏడు, ముప్పై ఆరున్నర; కాలు బరువు మోయడం లేదని ఆ వరస మొదటినుంచీ చెబుతూనే ఉంది. తప్పల్లా పక్కనున్న పెన్సిలు రాతలో ఉంది. ఆ చేతిరాత తనది. వెంట్రుకలు రాలడం ఎన్ని మిల్లీమీటర్లని ఆయనను అడిగినవారు లేకపోయారు. కింది ఉద్యోగి ఎవడైనా అటువంటి వివరణ తెచ్చి ఉంటే తాను ఏమని ఉండేవాడో ఆయనకు బాగా తెలుసు.

అక్కయ్య టీ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

“నా పేరు రాశావా?”

“మాత్ర అని రాశాను.”

“పేరు కూడా రాయి. నాకేం సిగ్గు లేదు.” కప్పు ఆయన వైపు జరిపి, “తెల్లవారుజామున లేవబోతూ అది మూలిగేదిరా. నీకు వినపడదు. నాలుగున్నరకి ఒకసారి, ఐదుకి ఒకసారి. నీ లెక్క కోసం దాన్ని అలా నడిపిస్తే చూస్తూ ఊరుకోలేకపోయాను,” అంది.

“చెప్పవలసింది.”

“చెబితే ఎన్నిసార్లు మూలిగిందో రాసి పెట్టమనేవాడివి.”

అది నిజమే. అక్కయ్య ఎదుటి కుర్చీలో కూర్చుంది. చీర చెంగుతో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది.

“ఇంకో సంగతి కూడా ఉంది. రెండు మూడు రోజులయ్యాక నీ అంకెలు తగ్గుతున్నాయని తెలిసింది. తగ్గితే ఆ కోతలు తప్పుతాయి కదా అనిపించింది. ఆపరేషన్ బల్ల మీదే పోతుందేమోనని నా భయం. నొప్పి కోసమూ వేశాను, దీనికోసమూ వేశాను. మొదటిది ఎంత, రెండోది ఎంత అని అడగకు. నా దగ్గర టేపు లేదు.”

 వంతెనలాయన పుస్తకాన్ని ఆమె వైపు తిప్పి, పెన్సిలు రాత మీద వేలు పెట్టాడు.

“ఇది నేను రాసింది. నువ్వు మాత్ర వేశావు, నేను ఇది వేశాను.”

అక్కయ్య కళ్లజోడు పెట్టుకుని చదివింది. “అయితే నీకూ వద్దనే ఉందన్నమాట, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నావు గాని.”

“ఉంది.”

“ముందే చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం కదరా. ఒకరికి తెలియకుండా ఒకరు, పిల్లి పాలు తాగినట్టు.”

మరునాడు ఉదయం ఆయన అలవాటు ప్రకారం ఆరున్నరకు టేపు అందుకోబోతే అక్కయ్య వద్దంది. ఐదింటి మాత్ర ఈసారి ఆయన ఎదుటే పడింది. “ఇవాళ నీ పుస్తకం అక్కడే ఉంచి ఇలా వచ్చి కూర్చో. చప్పుడు చేయకు,” అని, వంటింటి తలుపు వెనక తన కుర్చీ చూపించింది. తలుపు ఓరగా మూసి ఉంది. సందులోంచి హాలులో గుమాస్తా చాప ఒక మూల మాత్రమే కనిపిస్తుంది. మిగిలినదంతా చెవితో చూడవలసిందే.

మొదట ఆయనకు ఏమీ వినపడలేదు. “గోళ్లు,” అంది అక్కయ్య మెల్లగా. అప్పుడు వినిపించింది: ముందు కాళ్ల గోళ్లు నేల మీద జారడం. తరువాత ఒక పెద్ద శ్వాస, ఆగడం, మళ్లీ గోళ్లు. లేవబోయి కూలబడిన మెత్తని చప్పుడు. గొంతు లోపలే మింగేసిన చిన్న మూలుగు. ఐదు నిమిషాలలో మూడుసార్లు. మాత్ర పడ్డాక కూడా ఇదీ సంగతి.

“ఇప్పుడు నువ్వు లేచి, చెప్పులేసుకుని హాల్లోకి వెళ్లు.”

ఆయన లేచాడు. చెప్పుల చప్పుడు రెండడుగులు కూడా పూర్తి కాలేదు. హాలులో గోళ్లు ఒక్కసారిగా బరబరా గీరుకున్నాయి. తలుపు తీసేసరికి గుమాస్తా నిలబడి ఉంది. నాలుగు కాళ్ల మీద, తల ఎత్తి, తోక నెమ్మదిగా ఊపుతూ, సైటు మీద పని మొదలయ్యే వేళ నిలబడినట్టు. ఎడమ తొడ మాత్రం సన్నగా వణుకుతోంది.

“నీ ముందు మూలగదురా,” అంది అక్కయ్య వెనకనుంచి. “పనిలోకి వచ్చావనుకుంటుంది.”

వంతెనలాయన చాప మీద కూర్చున్నాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి నేల మీద కూర్చోవడానికి కొంత వ్యవధి పట్టింది. ఆయన కూర్చున్నాకే గుమాస్తా కూడా, ఇక అనుమతి దొరికినట్టు, పక్కకు ఒరిగి పడుకుంది.

“ఇంకా ఎన్నేళ్లుంటుందంటావు?” అన్నాడు.

“మూడో నాలుగో. దేవుడు మంచివాడైతే.”

“మూడే అనుకో. మూడేళ్లలో మూడు నెలలు గదిలో. మిగిలినవి నాలుగు కాళ్ల మీద. చేయించకపోతే మూడేళ్లూ ఇలాగే లేవాలి, నేను వచ్చినప్పుడల్లా.”

“బల్ల మీద పోతే?”

“పోతే, కర్మ అననక్కయ్యా. నేను సంతకం పెట్టాను కాబట్టి పోయిందంటాను.”

“నువ్వొక్కడివే ఎందుకు పెడతావు? అది తినేదంతా ఎవరి చేతి మీదుగా తింటోంది?” అంది ఆమె.   “డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి.”

ఫోన్ చేయడం సులభమే అయింది. కష్టమైనది వేరొకటి. మూడు నెలలపాటు మెట్లుండరాదంటే కింద గది కావాలి. కింద ఉన్నది కార్ఖానా వెనక, తయారైన కుర్చీలు దాచుకునే గది ఒక్కటే. వంతెనలాయన పుట్టి బుద్ధెరిగిన తరువాత ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాడు. మెట్లు దిగి, గేటు దగ్గర ఆగి, వాతావరణం గురించి రెండు మాటలు, టేకు కర్ర నాణ్యత గురించి నాలుగు మాటలు మాట్లాడి తిరిగి పైకి వచ్చేశాడు.

“అడిగావా?” అంది అక్కయ్య.

“సందర్భం కుదరలేదు.”

“మూడు నెలల తర్వాత కుదురుతుందిలే. వెళ్లు.”

రెండోసారి దిగేసరికి వడ్రంగి చిత్రిక ఆపి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వంతెనలాయన దరఖాస్తు చదువుతున్న ధోరణిలో విషయమంతా వివరించాడు: మోకాలు, వాలు, పలక, మూడు నెలలు, గది, తానూ అక్కయ్యా వంతులవారీగా అక్కడే పడుకుంటారని, తమ వలన పనికి అంతరాయం కలగదని.

“ఆ గది పొద్దున్నే ఖాళీ చేశాను సార్,” అన్నాడు వడ్రంగి. “పెద్దమ్మ చెప్పారు. మీరు మీ నోటితో అడిగేదాకా తెలియనట్టుండమన్నారు. ఇందాక టేకు గురించి మాట్లాడుతుంటే నవ్వాపుకోలేక చచ్చాను.”

వంతెనలాయన తల ఎత్తి మేడ వైపు చూశాడు. అక్కడ వంటింటి కిటికీ తలుపు మెల్లగా మూసుకుంది.

“ఒక్క షరతు,” అన్నాడు వడ్రంగి. “ఆ మూడు నెలల్లో నా బల్లల కాళ్లు కొలవకూడదు.”

గురువారం ఉదయం ఎనిమిదింటికి ఆసుపత్రి బల్ల మీద అనుమతి పత్రం పెట్టారు. రెండు పుటలు. వంతెనలాయన ప్రతి వాక్యమూ చదివాడు. మత్తు, రక్తస్రావం, చీము పట్టడం, మర వదులవడం, ఎముక అతుక్కోకపోవడం. ఇవన్నీ ఆయన ముందే ఊహించినవి. రెండో పుట చివర ఒక గడి దగ్గర పెన్ను ఆగింది. మత్తులో ఉండగా గుండె ఆగిపోతే తిరిగి కొట్టుకునేలా చేసే ప్రయత్నం చేయాలా, వద్దా.

“ఇది అందరినీ అడగాలి సార్,” అంది డాక్టరమ్మ. “ఆ సమయంలో బయటికి వచ్చి అడిగే వీలుండదు.”

“ప్రయత్నమంటే ఏం చేస్తారమ్మా?” అంది అక్కయ్య.

“రొమ్ము మీద గట్టిగా నొక్కుతాం. మందులిస్తాం. గొట్టం ద్వారా గాలి పంపిస్తాం. ఈ వయసులో తిరిగి రావడం తక్కువ. వచ్చినా మళ్లీ ఆగొచ్చు. వచ్చినది మనకి తెలిసిన కుక్కలా ఉండకపోవచ్చు కూడా.”

వంతెనలాయన జీవితంలో సమాధానం రాయకుండా వదిలిన గడి లేదు. అయినా పెన్ను కదల్లేదు. ఆయన అక్కయ్య వైపు చూశాడు. చిన్నప్పుడు బడి గుమ్మం దగ్గర చెయ్యి వదిలేముందు ఇలాగే చూసేవాడని ఆమెకు గుర్తొచ్చిందో లేదో తెలియదు.

ఆమె వంగి గుమాస్తా చెవి వెనక గోకింది. బల్ల మీద పోతుందేమోనని మూడు వారాలు తెల్లవారుజామున లేచిన మనిషి, ఇప్పుడు ఆ మాటకు జవాబు చెప్పవలసి వచ్చింది.

“బాగుపడుతుందని లోపలికి పంపుతున్నాం,” అంది చివరికి. “మనకి ఎలాగైనా మిగలాలని పంపడం లేదు. వద్దని రాయరా.”

ఆయన ‘వద్దు’ అని రాశాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, సమంగా వచ్చాయి. కింద సంతకం చేశాడు. ఒక్కరి సంతకం చాలునని డాక్టరమ్మ చెబుతున్నా వినకుండా అక్కయ్య పెన్ను తీసుకుని ఆ పక్కనే తనదీ చేసింది.

లోపలి తలుపు తెరిచి సహాయకురాలు గొలుసు అందుకుంది. గుమాస్తా గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగి, ఏమైనా చెబుతారేమోనని ఆయన వైపు చూసింది. ఆయన ఏదైనా అంటే అది వెనక్కి వచ్చేస్తుందని ఆయనకు తెలుసు. అందుకని నోరు మెదపక చూపు పక్కకు తిప్పుకున్నాడు. తలుపు మూసుకుంది.

గోడవార బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. పదకొండు దాటింది. పన్నెండు దాటింది. అక్కయ్య కళ్లు మూసుకుని, తలుపు అవతలి చప్పుళ్లు వింటూ, ఒక్కొక్కటీ తమ్ముడికి తక్కువ గొంతుతో చెబుతూ వచ్చింది: ఇది నీళ్ల కుళాయి, ఇది ట్రే, ఇప్పుడు ఎవరో నవ్వారు, నవ్వుతున్నారంటే ఫరవాలేదు.

ఒంటిగంటన్నరకు డాక్టరమ్మ టోపీ తీస్తూ బయటికి వచ్చింది. “వాలు అనుకున్నట్టే వచ్చింది సార్. పలక బాగా కూర్చుంది. మత్తు దిగుతోంది, కళ్లు తెరిచింది. ఇక మూడు నెలలూ మీ చేతుల్లో ఉంది.” టోపీ మడుస్తూ మొహమాటంగా అంది. “అమ్మని ముందు రమ్మంటాను. మీరు కాసేపాగండి. మిమ్మల్ని చూస్తే లేవబోతుంది.”

“సరే,” అన్నాడు వంతెనలాయన.

అక్కయ్య లోపలికి వెళ్లింది. ఆయన బెంచీ మీదే, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, తలుపు వైపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. కొంతసేపటికి లోపలి నుంచి ఒక మూలుగు వినిపించింది. సన్నగా, సాగదీసి, దాచుకోకుండా. దాని మీద అక్కయ్య గొంతు, ఏదో తిడుతున్నట్టుగా, ముద్దుగా. పిలిచేదాకా ఆయన కదల్లేదు.